నట్టింట ఎడారి

ప్రతి కళారూపమునకు తనకు తగిన తావు ఒకటి ఉండును. బుర్రకథకు రచ్చబండ, హరికథకు దేవాలయ ప్రాంగణము, పద్యనాటకమునకు రంగస్థలము సహజమైన నెలవులు. గ్రామఫోను వచ్చి పద్యనాటకమును ఇంటి వసారాలోనికి తెచ్చినప్పుడు రాగము మిగిలినది. నటుని నడక, పెట్రోమాక్సు దీపముల వెలుగు, వన్స్‌మోర్ కేకలు మిగలలేదు. ఐనను, నాటకము ఎన్నడును చూడని పల్లెకు సైతము ఆ పద్యము చేరుటకు ఆ రికార్డులే కారణమైనవి. తావు మారినప్పుడు కళ కొంత పోగొట్టుకొనును, కొంత సంపాదించుకొనును. పోయినదెంత, చేరినదెంత అని లెక్క చూచుకొనుట రసజ్ఞుల పని.

చలనచిత్రముల విషయమున ఈ లెక్క నేడు తప్పనిసరియైనది. ఒకప్పుడు మహానగరములలోని పెద్ద సినిమాహాళ్ల కొరకు, గోడంత తెరల కొరకు తీయబడిన విదేశీ చారిత్రక చిత్రములు నేడు నట్టింటి టెలివిజనులోనికి, అరచేతిలోని సెల్‌ఫోనులోనికి వచ్చి చేరినవి. చరిత్ర పాఠము చెప్పు ఉపాధ్యాయుడు ఫలానా చిత్రమును చూడుడని విద్యార్థులకు చెప్పుచున్నాడు, విద్యార్థులు చూచుచున్నారు. పుస్తకములోని పది పుటలు చేయలేని పనిని ఒక్క దృశ్యము చేయుచున్నది. ఆ చిత్రమును ఎట్లు చూడవలెను, చూచినదానిలో ఎంత నమ్మవలెను అను ప్రశ్నలు అందుచేతనే వినోదపు హద్దులు దాటి విద్యకు సంబంధించిన ప్రశ్నలైనవి.

ఈ ప్రశ్నలను పరీక్షించుటకు ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ కంటె తగిన చిత్రము దొరకుట కష్టము. డేవిడ్ లీన్ దర్శకత్వమున, శామ్ స్పీగెల్ నిర్మాతగా తయారైన ఈ ఆంగ్ల చిత్రము 1962 డిసెంబరు 10న లండను నగరమున తొలిసారి ప్రదర్శింపబడినది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున తురుష్క సామ్రాజ్యముపై అరబ్బులు చేసిన తిరుగుబాటులో పాల్గొన్న టి. ఇ. లారెన్స్ అను ఆంగ్ల సైనికాధికారి కథ ఇందలి ఇతివృత్తము. లారెన్సుగా పీటర్ ఓటూల్, షరీఫ్ అలీగా ఈజిప్టు నటుడు ఒమర్ షరీఫ్, రాకుమారుడు ఫైసలుగా అలెక్ గిన్నెస్, అవుదా అబూ తాయీ అను తెగనాయకునిగా ఆంథొనీ క్విన్ నటించినారు. 1961 మే నెలలో జోర్డాన్ ఎడారులలో ఆరంభమైన చిత్రీకరణ తరువాత స్పెయిన్, మొరాకో దేశములలో సాగినది. ఉత్తమ చిత్రము, దర్శకత్వము, ఛాయాగ్రహణము మొదలగు వానికి మొత్తము ఏడు ఆస్కారు బహుమతులు దీనికి లభించినవి.

ఈ చిత్రపు గొప్పతనము మొదట కంటికి సంబంధించినది. సామాన్య చిత్రములకు 35 మిల్లీమీటర్ల ఫిల్మును వాడుచుండగా, దీనికి 65 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫిల్మును వాడి, దాని ప్రతులను 70 మిల్లీమీటర్ల ఫిల్ముపై ముద్రించినారు. ఒక్కొక్క బొమ్మకు దొరకు చోటు సామాన్య ఫిల్ముతో పోల్చినచో సుమారు మూడు రెట్లు. చోటు పెరిగిన కొలది బొమ్మలో ఇముడు వివరము పెరుగును. ఆ బొమ్మను ఎంత పెద్ద తెరపై పరచినను పలచబడదు. ఇసుక తిన్నెపై గాలి గీసిన గీతలు, కొండచరియ నీడలో నడచు ఒంటెల బారు, దూరమున లేచు ధూళి అన్నియు విడివిడిగా కనిపించును. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ ఎడారిని కథకు వెనుక వ్రేలాడదీసిన పరదాగా చూడలేదు. దానిని ఒక పాత్రగా చూచినాడు.

ఇందలి ఒక దృశ్యము లోకప్రసిద్ధము. లారెన్స్, అతని బెదూయిన్ మార్గదర్శి తఫాస్ ఒక బావి వద్ద ఆగియుందురు. దిగంతమున ఎండమావుల నడుమ నల్లని చుక్క ఒకటి పుట్టును. అది మనిషియో, చెట్టో, కంటి భ్రమయో తెలియదు. చుక్క వణకును, సాగును, నీటిపై తేలినట్లుండును. కొంతసేపటికి అది ఒంటెపై వచ్చుచున్న నల్లదుస్తుల మనిషియని తెలియును. తఫాస్ తుపాకి కొరకు పరుగెత్తును. వచ్చువాని గుండు దెబ్బకు నేలకూలును. తమ తెగ బావిలో అన్యుడు నీరు త్రాగుటయే ఆ మరణశిక్షకు కారణము. ఈ ఒక్క దృశ్యము కొరకు 482 మిల్లీమీటర్ల నాభ్యంతరముగల పొడవైన కటకమును ప్రత్యేకముగా తెప్పించినారు. దూరపు ఎండమావిని దగ్గరకు లాగి చూపుట దాని పని.

పెద్ద తెర ముందు కూర్చున్న ప్రేక్షకుడు ఆ చుక్కను తానే కనుగొనును. ఎవరును వ్రేలితో చూపకుండగనే అతని కన్ను విశాలమైన తెల్లదనములో వెదకి, పట్టుకొని, ఇక విడువదు. ఎడారిలో నిలిచినవాని భయము అతనికి కలుగును. అదే దృశ్యము సెల్‌ఫోను తెరపై చూచినచో మొదటి కొన్ని క్షణములు చుక్కయే కనిపించదు. కనిపించని చుక్క కొరకు ఎవరు వేచియుందురు? చూచువాని బొటనవ్రేలు తనంత తానే కథను ముందునకు జరుపును. దర్శకుడు ప్రేక్షకుని చేత చేయింపదలచిన ఒకే ఒక పని నిరీక్షణము. ఇంటిలో మొట్టమొదట పోవునది ఆ నిరీక్షణమే.

పోవునవి మరికొన్ని గలవు. చిత్రము మొదలగునప్పుడు నాలుగు నిమిషములకు పైగా తెరపై బొమ్మ ఉండదు. మారీస్ జార్ కూర్చిన సంగీతము మాత్రము వినిపించును. నాటకమునకు ముందు తెర వెనుక హార్మోనియము మ్రోగినట్లు, అది ప్రేక్షకుని మనస్సును బయటి సందడి నుండి మరలించు నాందీ సంగీతము. ఇంటిలో ఆ నాలుగు నిమిషములలో టెలివిజను చెడిపోయినదని కొందరు అనుమానింతురు. కొందరు తీగలు కదిలించి చూతురు. చిత్రము నడుమ విరామము, విరామము తరువాత మరల సంగీతము ఉన్నవి. మూడున్నర గంటలకు పైబడిన కథకు అవి ఊపిరి తీయు చోట్లు. కుక్కరు కూతలు, వాకిటి గంట, ఫోను పలకరింపుల నడుమ చూచువానికి ఇరువది విరామములు దొరకును. దర్శకుడు ఇచ్చిన ఒక్క విరామము మాత్రము దొరకదు.

ఇంతమాత్రమున ఇంటి తెర చిత్రమునకు శత్రువని నిర్ణయించుట తొందరపాటగును. ఈ చిత్రపు చరిత్రయే అందుకు సాక్ష్యము. విడుదలైన కొలది కాలమునకే ప్రదర్శకుల సౌకర్యము కొరకు దీనిలో సుమారు ఇరువది నిమిషములు కత్తిరించినారు. 1970 దశాబ్దపు ఆరంభమున మరల విడుదలైనప్పుడు ఇది 187 నిమిషములకు కుదింపబడినది. కొలతను బట్టి చూచినచో ఈ చిత్రపు బొమ్మ ఎత్తునకు వెడల్పు 2.20 రెట్లు, పాతకాలపు టెలివిజను తెర ఎత్తునకు వెడల్పు 1.33 రెట్లు. ఆ తెర నిండునట్లు చూపవలెనన్నచో బొమ్మలో ఇంచుమించు నూటికి నలుబది పాళ్లు పక్కలకు పోవును. ఇద్దరు మాటలాడుకొను దృశ్యములో ఒకడు తెర బయటనే ఉండిపోవును. ఎడారి ఎడారిగా ఉండదు, పెరటి ఇసుకగుట్ట వలె ఉండును.

ఈ శిథిలమైన చిత్రమును రాబర్ట్ హారిస్ అను పునరుద్ధారకుడు పూనికతో ముక్కముక్కగా సేకరించి, డేవిడ్ లీన్ సహాయముతో 1989లో తిరిగి పూర్తిచేసినాడు. దొరకిన కొన్ని దృశ్యములకు బొమ్మయే గాని మాట లేదు. పీటర్ ఓటూల్ మొదలగు నటులు పాతికేండ్ల తరువాత తమ యౌవనమునకు తామే గొంతు అరువిచ్చినారు. మరణించిన జాక్ హాకిన్స్ మాటలను వేరొక నటుడు పలికినాడు. నేడు ఇండ్లకు చేరుచున్నది ఆ పునరుద్ధరణ ఫలమే. 1975లో కత్తిరింపుల ప్రతిని హాలులో చూచినవానికంటె నేడు ఇంట కూర్చుండి చూచువాడు ఎక్కువ చిత్రమును చూచుచున్నాడు. తావు పోగొట్టిన దానిలో కొంత కాలమే తిరిగి ఇచ్చినది. ఈ ఉపకారమును ఇంటివారే చెరుపుకొనుచున్నారు. తెరకు పైన, క్రింద కనిపించు నల్లని పట్టీలను లోపమని భ్రమించి, రిమోటుతో బొమ్మను సాగదీసి తెర నింపుచున్నారు. ఆ పట్టీలున్నప్పుడే బొమ్మ సమగ్రముగా ఉన్నదని అర్థము.

ఇక లాభము సంగతి. హాలులోని పెద్ద తెర ప్రేక్షకుని నోరు మెదపనీయదు. చీకటి, ధ్వని, బొమ్మ పరిమాణము మూడును కలసి అతనిని చిన్నవానిని చేయును, చూపినదెల్ల నమ్మించును. కల్పిత కథలో ఈ లొంగుబాటు వలన హాని లేదు. చరిత్ర విషయమున ఉన్నది. ఇంటి తెర మనిషికంటె చిన్నది. దానిని ఆపవచ్చును, వెనుకకు త్రిప్పవచ్చును, పక్కన పటము పరచి అకాబా ఎక్కడ, డమాస్కసు ఎక్కడ అని వెదకవచ్చును. హాలులో ఎవరును వేయలేని ప్రశ్నను ఇంటిలో పదవ తరగతి పిల్లవాడు వేయగలడు: ఇది నిజముగా ఇట్లే జరిగినదా?

ఆ ప్రశ్నకు సమాధానము వెదకువానికి ఈ చిత్రము మంచి పాఠ్యగ్రంథమగును. చిత్రములో అకాబా రేవు పట్టుబడు ఘట్టము కన్నుల పండుగ. వందలాది గుర్రములు, ఒంటెలు పట్టణముపైకి వెల్లువవలె దూకును. సముద్రము వైపునకు గురిపెట్టిన తురుష్కుల పెద్ద ఫిరంగి కదలక మెదలక చూచుచుండును. 1917 జూలై 6న అకాబా అరబ్బుల వశమగుట చరిత్రలో నిజము. కాని గట్టి పోరాటము అంతకు ముందే, జూలై 2న, ఎగువనున్న అబూ అల్-లిసాన్ అను చోట జరిగినది. అచట ఓడిన తరువాత అకాబాలోని సేన పెద్ద ప్రతిఘటన లేకుండగనే లొంగిపోయినది. ఆ ముందటి పోరాటములో లారెన్స్ తత్తరపాటున తన ఒంటెనే కాల్చి క్రిందపడినట్లు తానే వ్రాసికొన్నాడు. చిత్రములో ఆ తత్తరపాటునకు చోటు లేదు. ఇంతకును తెరపై కనిపించు పట్టణము అకాబాయే కాదు. స్పెయిన్ దేశమున ఆల్మేరియా ప్రాంతపు సముద్రతీరమున కట్టిన కృత్రిమ పట్టణమది.

నాయకుని రూపమును గూడ ఇట్లే పరిశీలింపవచ్చును. చరిత్రలోని లారెన్స్ ఎత్తు సుమారు ఐదడుగుల ఐదంగుళములు. ఓటూల్ ఆరడుగులపై రెండంగుళముల మనిషి. తెల్లని అరబ్బు దుస్తులలో ఆ పొడుగరి రైలుపెట్టెలపై నడచుచుండగా, క్రింద జనము జేజేలు పలుకుచుండగా, తిరుగుబాటంతయు అతని చుట్టును తిరిగినట్లు తోచును. ఆ తిరుగుబాటు 1916 జూన్‌లో మక్కా షరీఫు హుస్సేను నాయకత్వమున మొదలైనది. అకాబా దండయాత్రలో షరీఫు నాసిర్, అవుదా అబూ తాయీ ముందు నడచినవారు. చిత్రములో అవుదా బంగారమునకు ఆశపడు మనిషిగా కనిపించుట అతని వంశీయులకు బాధ కలిగించినది. లారెన్స్ తమ్ముడు ఎ. డబ్ల్యు. లారెన్స్ గూడ చిత్రములో తన అన్నను చూపిన తీరును అంగీకరింపలేదు. అరబ్బుల పోరాటమును అంత విశాలమైన తెరపై చూపిన చిత్రములో, ఆద్యంతము, ఒక్క స్త్రీకైనను మాట లేదు.

చరిత్ర ఇట్లుండగా చిత్రమును అబద్ధమని త్రోసివేయవలెనా? అలంకారశాస్త్రము చదివినవారు అట్లనరు. ఇతివృత్తమును ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని పూర్వులు మూడు తెగలుగా విభజించినారు. మహాభారతములోని శకుంతలోపాఖ్యానమున దుర్వాసుని శాపము లేదు, దాని మూలమున కలిగిన మరపు లేదు. అవి కాళిదాసు నాటకములోనివి. నన్నయ తెలుగు భారతమున శకుంతల కథ చదివిన విద్యార్థి కాళిదాసును తప్పుపట్టడు, నన్నయను విడువడు. రెండును చదివి, కవి ఎచట ఏల మార్చినాడని విచారించును. ఆ విచారణయే సాహిత్యవిద్య. చారిత్రక చిత్రము మిశ్రేతివృత్తము. దానికి చేయవలసినదియు అదే విచారణ.

ఒక్క ఉదాహరణము చాలును. చిత్రములో ఎడారి దాటునప్పుడు ఖాసిం అనువాడు ఒంటెపై నుండి జారి వెనుకబడును. లారెన్స్ ఒంటరిగా వెనుకకు పోయి, చావు నోటినుండి వానిని తెచ్చును. తరువాత అకాబాపై దాడికి ముందు ఒకడు వేరొక తెగవానిని చంపును. రెండు తెగల నడుమ రక్తపగ రగులకుండుటకు తెగలేవియు లేని లారెన్స్ తానే హంతకుని కాల్చవలసివచ్చును. ఆ హంతకుడు తాను రక్షించిన ఖాసిమే. లారెన్స్ వ్రాసికొన్న దానిని బట్టి ఇవి రెండు వేరు సంఘటనలు. కాల్చబడినవాడు హమీద్ అను మొరాకో వాడు, అదియు ఖాసిమును రక్షించుటకు ముందే జరిగినది. రచయిత రాబర్ట్ బోల్ట్, దర్శకుడు లీన్ చేతులలో రెండు ముక్కలును అతికి ఒక్క విషాదమైనది. బ్రతికించిన చేతితోనే చంపుట అను భావము చరిత్రలో లేదు, చిత్రములో ఉన్నది; చిత్రమునకు ప్రాణము పోసినది అదే. ఈ ఖాసిం పాత్రను ధరించినవాడు భారతీయ నటుడు ఐ. ఎస్. జోహార్ అని చెప్పినచో విద్యార్థులు ఆ దృశ్యమును మరింత శ్రద్ధతో చూతురు.

భారతదేశమునకు ఈ కథతో గల సంబంధము నటునితో ముగియదు. తురుష్కులతో ఆ ప్రాంతమున జరిగిన యుద్ధములో భారతీయ సైనికులు పెద్ద సంఖ్యలో పోరాడినారు. 1918లో ఫ్రాన్సు యుద్ధభూమికి ఆంగ్ల సేనలను తరలించినప్పుడు జనరల్ అలెన్బీ సైన్యములో ఆ ఖాళీలను పూరించినవారిలో అధికులు భారతీయులు. ఆ సైన్యమున హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానముల లాన్సర్లు కూడిన అశ్వికదళము ఒకటి యుండెను. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణమును జోధ్‌పూర్, మైసూరు అశ్వికులు ఈటెలతో దూకి పట్టుకొన్నారు. ఆ మూడు సంస్థానముల సైనికుల స్మృతికై ఢిల్లీలో 1922లో నిలిపిన మూడు విగ్రహముల వలననే ఆ కూడలికి తీన్‌మూర్తి అను పేరు వచ్చినది. చిత్రము లారెన్స్ కథ గనుక ఈ అశ్వికుల కథను చెప్పలేదు. అది దాని దోషము కాదు. హైదరాబాదు నుండి గుర్రమెక్కి వెళ్లినవారు ఆ యుద్ధములోనే ఉండిరని తెలియకుండ ఆ ఎడారిని చూచి మురిసిపోవుట మాత్రము ఇచటి విద్యార్థికి లోటే.

చిత్రము చివర డమాస్కసు ప్రవేశమును అరబ్బుల విజయముగా, తరువాత వారి అనైక్యమును వారి అపజయముగా చూపుదురు. 1918 అక్టోబరు 1న ఆ నగరమున తెల్లవారుజామున ముందుగా ప్రవేశించినది ఆస్ట్రేలియా అశ్వికదళము. ఆ భూములను ఆంగ్లేయులు, ఫ్రెంచివారు పంచుకొనుటకు సైక్స్-పికో ఒప్పందము 1916 మే నెలలోనే కుదిరియుండెను. చిత్రములో ఈ ఒప్పందము ప్రస్తావనకు వచ్చును గాని, అది మాటలలో వచ్చి పోవును. సభలో అరబ్బుల కలహము బొమ్మగా నిలుచును. మాటను మరచిపోవుదురు, బొమ్మను మరువరు. పరపాలనలో దీర్ఘకాలమున్న దేశపు పిల్లలకు ఈ భేదము ఎంత ముఖ్యమో ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక జాతికి తన్ను తాను పాలించుకొను శక్తి లేదని చెప్పుటకు మంచి కెమెరా, మంచి సంగీతము ఎంత తోడ్పడునో ఆ దృశ్యమును ఆపి, తిరిగి చూచినప్పుడు తెలియును.

ఇచట రెండు ఆక్షేపణలు రావచ్చును. ఆపి ఆపి చూచుట కళను ముక్కలు చేయుటయే అని రసికులందురు. చరిత్రను సినిమాలో వెదకుటయే పొరపాటని పండితులందురు. రెండింటిలోను సత్యమున్నది. అందుచేత ఇటువంటి చిత్రమును రెండుమారులు చూచుట ఉత్తమము. మొదటిమారు ఇంటినే హాలుగా చేసికొనవలెను. సాయంత్రము పని ముగించుకొని, దీపములార్పి, ఫోనులు వేరొక గదిలో ఉంచి, ఇంటిలోని పెద్ద తెరకు దగ్గరగా కూర్చుండవలెను. నాందీ సంగీతమును చీకటిలో వినవలెను. విరామము వచ్చినచోటనే లేవవలెను. ప్రశ్నలు వేయరాదు, వ్యాఖ్యానము చేయరాదు. చిత్రమున అగ్గిపుల్లను ఊది ఆర్పిన మరుక్షణమున ఎడారిపై సూర్యోదయము తెరను నింపును. ఎడిటరు ఆన్ కోట్స్ కూర్చిన ఆ సంధిని అనుభవించవలెనే గాని, అప్పుడే వివరింపరాదు.

రెండవమారు ఇంటిని బడిగా చేసికొనవలెను. ఈమారు పటము, చరిత్ర పుస్తకము, కాగితము, కలము పక్కన ఉండవలెను. అకాబా దాడి, ఖాసిం మరణము, డమాస్కసు సభ అను మూడు ఘట్టములను తీసికొని ప్రతిదానికి మూడు ప్రశ్నలు వేయవచ్చును: తెరపై కనిపించినదేమి? చరిత్ర చెప్పుచున్నదేమి? తెరపై కనిపింపనివారెవరు? సంభాషణలు ఆంగ్లమున ఉన్నవి గనుక ఉపాధ్యాయుడు ముందుగా కథను తెలుగున చెప్పుట మేలు. హింసాదృశ్యములు ఉన్నందున దీనిని చిన్న తరగతుల పిల్లలకు చూపరాదు. ఉన్నత తరగతులకు, కళాశాల విద్యార్థులకు తగును. ఇంటిలో పెద్ద తెర లేని పిల్లల కొరకు పాఠశాలలోని ప్రొజెక్టరును, తెల్లగోడను వాడుకొనవచ్చును. గోడపై పడిన బొమ్మలో చుక్క కనిపించును.

ఈ అలవాటు విదేశీ చిత్రములతో ఆగిపోరాదు. 1757 నాటి యుద్ధముపై 1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’ చిత్రమునకు, తెలుగున మొదటి సినిమాస్కోపు చిత్రముగా 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ చిత్రమునకు అవే మూడు ప్రశ్నలు వేయవచ్చును. దూరదేశపు కథపై ప్రశ్న వేయుట తేలిక. తన ప్రాంతపు వీరుని కథపై, తాను కన్నీరు కార్చిన దృశ్యముపై ప్రశ్న వేయుట కష్టము. లారెన్స్ చిత్రముతో మొదలుపెట్టిన అభ్యాసము ఆ కష్టమైన పనికి విద్యార్థిని సిద్ధము చేయును. ప్రశ్నించినందువలన బొబ్బిలి కోట కూలదు, రామరాజు చిన్నబోడు. వారి యథార్థ చరిత్రకు ఆ ప్రశ్న దారి చూపును.

చూచుట వేరు, చదువుట వేరు అని పెద్దలు భావించిన కాలము గడచినది. నేటి పిల్లలు చరిత్రలో అధికభాగమును కన్నులతోనే నేర్చుకొనుచున్నారు, వద్దన్నను మానరు. గొప్ప చిత్రమును చిన్నతెరపై తొందరతొందరగా చూచి, దాని అందమును పోగొట్టుకొని, దానిలోని పొరపాట్లను మాత్రము నిజములుగా మిగుల్చుకొనుట వారికి జరుగుచున్న నష్టము. అందమును పూర్తిగా అనుభవింపనిచ్చి, ఆపైన ప్రశ్నింప నేర్పుట ఉపాధ్యాయుని చేతిలోని పని. దానికి కొత్త గ్రంథములు, కొత్త భవనములు అక్కరలేదు. రెండు సాయంత్రములు, ఒక పటము, ఆపవలసినచోట ఆపి, ఆపరానిచోట ఆపక కూర్చుండు ఓర్పు ఉన్నచో చాలును.